గేరుబాక్సుకు ఒక్క రీడింగు చాలదు

సంపాదకులకు,

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో రైసు మిల్లు నుంచి జూట్ మిల్లు దాకా చాలాచోట్ల గేరుబాక్సు బాగోగులు చూడ్డమంటే పెన్నులాంటి వైబ్రేషన్ మీటరు ఆనించి, వచ్చిన అంకెను రిజిస్టరులో రాసేయడమే. బ్యాలెన్సు తప్పినా, కప్లింగు పక్కకు జరిగినా ఆ అంకె పట్టిస్తుంది. గేరు పంటి మొదలు దగ్గర పగులు వస్తే మాత్రం దానికి చిక్కదు. పగిలిన పన్ను చుట్టుకు ఒక్కసారే కొడుతుంది, రెప్పపాటులో ఆ దెబ్బ అయిపోతుంది. మీటరు తీసే సగటులో అది కలిసిపోతుంది.

లెక్క కష్టమేమీ కాదు. మోటారు నిమిషానికి 1480 చుట్లు, అది తిప్పే చిన్న గేరైన పినియన్‌కు 23 పళ్ళు, పెద్ద గేరుకు 71 అనుకుందాం. సెకనుకు పినియన్ 24.67 చుట్లు తిరిగితే పెద్ద గేరు దాదాపు 8 తిరుగుతుంది. పళ్ళు కలుసుకునేది సెకనుకు 24.67 × 23, అంటే 567 సార్లు. ఎనలైజరు అనే పరికరం కంపనాలను సెకనుకు ఎన్నిసార్లన్న లెక్కన (హెర్ట్జ్) విడదీసి చూపే గ్రాఫే స్పెక్ట్రం. అందులో 567 హెర్ట్జ్ దగ్గర గీత కనిపించగానే కంగారు పడక్కర్లేదు, మంచి గేరుకూ ఉంటుంది. దాని అటూ ఇటూ లేచే చిన్న గీతలను, అంటే సైడ్‌బ్యాండ్లను చూడాలి. అవి 24.67 హెర్ట్జ్ ఎడంతో పెరుగుతుంటే తప్పు పినియన్‌ వైపు, 8 ఎడంతో అయితే పెద్ద గేరు వైపు. రెట్టింపు 1134 దగ్గర గీత పెరిగితే ముందు అలైన్‌మెంటు చూసుకోవాలి. పన్ను విరిగిన సంగతి స్పెక్ట్రం కన్నా, కంపనం క్షణక్షణం ఎలా మారిందో చూపే టైం వేవ్‌ఫారంలో తేటగా తెలుస్తుంది: పెద్ద గేరుదైతే ప్రతి 125 మిల్లీసెకన్లకూ, పినియన్‌దైతే 40.5కూ ఒక ముల్లు లేస్తుంది.

చాలామంది పప్పులో కాలేసేది సెట్టింగుల దగ్గర. స్పెక్ట్రాన్ని 2000 హెర్ట్జ్ దాకా 400 లైన్లతో (అన్ని గడులుగా విడదీసి) తీస్తే ఒక్కో లైను 5 హెర్ట్జ్. 8 ఎడం గీతలు ఇక విడిగా కనపడవు. 3200 లైన్లు పెడితే 0.625కు దిగుతుంది, పట్టే సమయం 1.6 సెకన్లే. సెన్సారును మూత రేకు మీద పెట్టొద్దు. బేరింగు హౌసింగు మీద పెయింటు గీకి, చదునైన చోట మాగ్నెట్‌తో అంటించాలి. ఖాళీగా తిప్పి తీసిన రీడింగు దండగ, లోడు లేనిదే పళ్ళు ఒకదాన్నొకటి గట్టిగా ఒత్తవు. ఫోన్ యాప్‌లనూ నమ్ముకోవద్దు. చాలా ఫోన్ల సెన్సార్లు సెకనుకు తీసే నమూనాలు కొన్ని వందలే, 567 హెర్ట్జ్ వాటికి అందదు.

అనుమానం వస్తే మిషను ఆపి డ్రెయిన్ ప్లగ్గు మాగ్నెట్ చూడండి. బూడిదరంగు మెత్తటి ముద్ద మామూలు అరుగుదల. చేప పొలుసుల్లా వేలికి గుచ్చుకునే ముక్కలుంటే పంటి ముఖమో, బేరింగో పెచ్చులూడుతున్నట్టు.

ఎనలైజరు కొనే స్తోమత చిన్న మిల్లుకు ఉండదు. రెండు జిల్లాల పాలిటెక్నిక్‌లలో ఒక్కోటి ఉంచి, నెలకోసారి మిల్లులకు అద్దెకు పంపే ఏర్పాటు పరిశ్రమల శాఖ చేయాలి. మిల్లు యజమానులకు ఒక మనవి: నేమ్‌ప్లేటు మీద సాధారణంగా రేషియోనే (వేగాల నిష్పత్తే) ఉంటుంది కాబట్టి గేరుబాక్సు విప్పిన రోజే పళ్ళు లెక్కపెట్టి, మూత మీద పెయింటుతో రాయించండి.

– మెయింటెనెన్స్ సిబ్బంది, బొబ్బిలి