కథ పెరిగితే కథకుడు బయటికి పోవాలా? కేంద్ర వాణిజ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కాపీరైట్ చట్టం మీ శాఖ చూస్తుంది కాబట్టి ఈ లేఖ మీకే రాస్తున్నాను. నేను తిరుపతివాణ్ని. చాలాకాలం జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. తెలుగులో సైన్స్ ఫిక్షన్ కథలు రాస్తాను. శ్రీహరికోట ఇప్పుడు మా జిల్లాలోనే ఉంది. గాదంకిలో వాతావరణ పరిశోధనకు పెద్ద రాడార్ ఉంది. రాకెట్ పోయే రోజు ఇక్కడి పిల్లలు మిద్దెలెక్కి తూర్పువైపు చూస్తారు. ఇలాంటి చోట సైన్స్ కథలు రాసే కుర్రాళ్లు తయారవడంలో వింతేమీ లేదు. రాసిన కథ వాళ్ల చేతిలో మిగలడం లేదు, అదీ నా బాధ.

నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి సంగతి చెప్తాను. ఒక యాప్ కోసం ఆడియో సీరియల్ రాశాడు. సూళ్లూరుపేట అమ్మాయి, వాళ్ల నాన్న షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) బస్సు డ్రైవరు. పాత రేడియో బాగుచేస్తుంటే ఆ పిల్లకు ఎక్కడినుంచో ఒక సిగ్నల్ దొరుకుతుంది. లెక్క తప్పితే కాగితం పక్కన పడేసి మళ్లీ మొదటినుంచి వేసుకునే పిల్ల. జనానికి నచ్చింది అదే. రెండో సీజన్ వచ్చింది, కామిక్ వచ్చింది, అందులోని చిన్న పాత్రతో ఇంకో సీరియల్ మొదలైంది. అప్పుడు కంపెనీవాళ్లు, ఇకమీదట వేరే టీమ్ రాస్తుందని చెప్పారు. కొత్త సీజన్‌లో ఆ పిల్ల లెక్కలు వేయదు. కళ్లు మూసుకుంటే భవిష్యత్తు కనిపిస్తుంది, మెడలో తాయెత్తు మెరుస్తుంది. అది విన్న రోజు వాడు నాకు ఫోన్ చేసి, "కథ నాదే సార్, కానీ ఇంక దాంట్లో నేను ఒక్క ముక్క రాసేదానికి లేదంట" అన్నాడు.

కాంట్రాక్టు నేను తెప్పించుకుని చదివాను. మొత్తం ఇంగ్లీషు. సంతకం ఫోన్‌లో ఓటీపీ కొట్టి చేశాడు. అందులో ఒక పేరా సారాంశం ఇది: ఇప్పుడున్నవి, ఇకముందు కనిపెట్టబోయేవి అయిన అన్ని మాధ్యమాల్లో, విశ్వమంతటా, శాశ్వతంగా సర్వహక్కులు కంపెనీవే. కింద జాబితా ఉంది. యానిమేషన్, వెబ్ సిరీస్, సినిమా, గేమ్, బొమ్మలు, టీషర్టులు, సీక్వెల్ (తర్వాతి కథ), ప్రీక్వెల్ (అంతకుముందు జరిగిన కథ), పాత్రల పేర్లు, రూపాలు. ఇన్నింటికీ కలిపి ఒకటే మొత్తం, అదీ మొదటి సీజన్ రాసినందుకు ఇచ్చిందే.

చట్టంలో రక్షణ అసలు లేదని నేను అనను. 1957 నాటి చట్టానికి 2012లో మంచి సవరణలు తెచ్చారు. ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమం పేరు అందులో ప్రత్యేకంగా రాయకపోతే ఆ హక్కు బదిలీ కాదని 18వ సెక్షన్ చెప్తుంది. గడువు రాయకపోతే అయిదేళ్లేనని 19వ సెక్షన్ చెప్తుంది. అందుకే కంపెనీలు అన్నిటి పేర్లూ రాస్తున్నాయి, గడువు దగ్గర శాశ్వతం అని రాస్తున్నాయి. షరతులు రచయితకు మరీ కఠినంగా ఉంటే బదిలీని రద్దు చేయమని 19ఏ సెక్షన్ కింద అడగొచ్చు. కానీ మొదటి అయిదేళ్లలో ఆ రద్దు ఉత్తర్వు ఇవ్వకూడదు. సీరియల్ అయిదేళ్లలో ఎక్కడికి పోతుందో మీరే ఆలోచించండి. ఇలాంటి తగాదాలు వినే అప్పిలేట్ బోర్డును కూడా 2021లో రద్దు చేశారు. ఇప్పుడు కోర్టుకే పోవాలి. అద్దె గదిలో ఉంటూ రాసుకునే కుర్రాడు కంపెనీ లాయర్ల మీద ఎన్నేళ్లు నిలబడగలడు?

57వ సెక్షన్ కింద నైతిక హక్కు ఉంది. నవల సినిమా హక్కులు అమ్మేశాక కూడా, కథను వికృతం చేస్తే రచయిత్రి అభ్యంతరం చెప్పొచ్చని హిందీ రచయిత్రి మన్నూ భండారీ కేసులో ఢిల్లీ హైకోర్టు 1986లోనే చెప్పింది. ఆ తీర్పంటే నాకు చాలా గౌరవం. అయితే అది రాసిన నవలను మార్చడం గురించి. ఒకరు పుట్టించిన పాత్రతో వేరేవాళ్లు సరికొత్త సీజన్ రాస్తే దాన్ని వికృతం చేయడం అనాలా, కొత్త రచన అనాలా? చట్టంలో దీనికి సూటిగా జవాబు లేదు. సైన్స్ ఫిక్షన్‌లో అసలు ఆస్తి ఇదే. మొదటి కథతో పాటే ఒక లోకం పుడుతుంది, డబ్బంతా ఆ తర్వాత ఆ లోకంలోంచే వస్తుంది.

ఇది బయటి దేశాలవాళ్లు ఎప్పుడో నేర్చుకున్న పాఠం. 1938లో ఇద్దరు కుర్రాళ్లు సూపర్‌మ్యాన్ హక్కులు 130 డాలర్లకు రాసిచ్చారు. పెద్ద వయసులో వాళ్లకు ఏటా కొంత పింఛను, తెర మీద పేరు దక్కడానికి 1975 దాకా పట్టింది. హాలీవుడ్ దర్శకుడు జార్జ్ లూకాస్ మాత్రం స్టార్ వార్స్ సినిమా ఒప్పందంలో సీక్వెల్ హక్కులు, బొమ్మల వ్యాపారం హక్కులు తన దగ్గరే ఉంచుకున్నాడు. స్టూడియోవాళ్లు అప్పట్లో వాటిని పెద్దగా లెక్కచేయలేదు. ఆ హక్కుల బలంతోనే తర్వాతి సినిమాలు తన చెప్పుచేతల్లో తీసుకోగలిగాడు. 2012లో తన కంపెనీని డిస్నీకి సుమారు 400 కోట్ల డాలర్లకు అమ్మాడు. అమ్మాక ఆయన కథా ప్రణాళికలను పక్కనపెట్టి కొత్త సినిమాలు తీశారు. అది ఆయనకూ నచ్చలేదు. కానీ ఎప్పుడు అమ్మాలో, ఎంతకు అమ్మాలో నిర్ణయించుకున్నది ఆయనే. మా కుర్రాడికి దక్కనిది ఆ నిర్ణయమే.

అమెరికా చట్టంలో ఇంకో మేలు ఉంది. 1978 తర్వాత రచయిత తానుగా రాసిచ్చిన హక్కులను 35 ఏళ్లకు నోటీసు ఇచ్చి వెనక్కి తీసుకోవచ్చు. ముందే వదులుకున్నట్టు కాంట్రాక్టులో రాయించుకున్నా అది చెల్లదు. ఉద్యోగంలో భాగంగా రాసినవాటికి ఇది వర్తించదు, నిజమే. మనకు ఆ పాటి కూడా లేదు.

పెట్టుబడి పెట్టేవాళ్ల మాటా నేను విన్నాను. పది సీరియళ్లు తీస్తే ఒకటి ఆడుతుంది, ఆ ఒక్కదాన్నీ రచయిత ఆపేస్తే మేమేం కావాలి అంటారు. న్యాయమైన మాటే. ఆపే హక్కు ఇవ్వమని నేను అడగడం లేదు. కల్కి 2898 ఏడీ సినిమాకు ముందే యానిమేషన్ సిరీస్ వచ్చిన రోజులివి. మన భాషలో కూడా ఇలాంటి లోకాలు పెరగాలి, డబ్బు రావాలి.

తిరుపతి లడ్డు పేరు ఎవరు పడితే వాళ్లు వాడుకోకుండా 2009లో భౌగోళిక గుర్తింపు ఇచ్చింది మీ శాఖ కింద ఉన్న రిజిస్ట్రీయే. ఒక ఊరి ప్రసాదానికి ఇచ్చిన శ్రద్ధే ఒక మనిషి ఊహకూ ఇవ్వమంటున్నాను. సీక్వెల్, ప్రీక్వెల్, పాత్రల హక్కులను ప్రధాన ఒప్పందంలో కలిపి రాయించుకోవడం చెల్లదని 19వ సెక్షన్‌లో చేర్చండి. వాటికి వేరే కాగితం, వేరే డబ్బు ఉండాలి. తర్వాతి భాగం రాసే అవకాశం ముందు సృష్టికర్తకే ఇవ్వాలి. ఆయన కాదంటేనే వేరేవాళ్లకు పోవాలి. శాశ్వతం అనే మాట తీసేసి, ఇరవై ఏళ్లకు హక్కులు వెనక్కి వచ్చేలా, దాన్ని ఎవరూ వదులుకోవడానికి వీల్లేకుండా రాయండి. 19ఏలోని అయిదేళ్ల అడ్డు తొలగించండి. రచయిత సంతకం పెట్టే ముందు కాంట్రాక్టు అతని భాషలో చేతికి రావాలి, చదువుకోవడానికి కొన్ని రోజులు గడువు ఉండాలి.

సవరణ ముసాయిదా మీద అభిప్రాయాలు తీసుకునేటప్పుడు ఢిల్లీ, ముంబైలతో ఆగిపోకుండా ఒక సమావేశం తిరుపతిలో పెట్టించండి. ఈ ప్రాంతంలో రాసే పిల్లలను నేను తీసుకొస్తాను. ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు కాబట్టి, పేర్లు కొట్టేసిన కాంట్రాక్టు కాపీని రిజిస్టర్డ్ పోస్టులో మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. ఆ జాబితా ఉన్న పేజీ దగ్గర గుర్తు పెట్టాను, దయచేసి చదవండి.

ఇట్లు,
సైన్స్ కథల రచయిత, విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్
తిరుపతి