దోమకు ఒక అణా

సంపాదకులు గారికి,

ఏటా ఆగస్టు 20న దోమల దినం అనగానే పేపర్లలో రొనాల్డ్ రాస్ ఫొటో కనిపిస్తుంది. మంచిదే. 1897లో సికింద్రాబాద్ ఉక్కపోతలో, కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా ఆపించి పనిచేసిన డాక్టరాయన. నుదుటి చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయట! చివరికి దోమ పొట్టలో మలేరియా క్రిమి దొరికింది. 1902లో నోబెల్ వచ్చింది.

అయితే ఆ దోమలు కుట్టింది ఎవరినండీ? హుస్సేన్ ఖాన్ అనే జ్వరపు రోగిని. దోమతెరలో పడుకోబెట్టి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. డాక్టరు ఎంత ఘనుడైనా చెయ్యి చాచి కుట్టించుకునేవాడు ఒకడుండాలి కదా. ఈసారి రాస్ ఫొటో కింద హుస్సేన్ ఖాన్ పేరు కూడా ఒక ముక్క అచ్చువేయండి.

– ఒక పాఠకుడు, సికింద్రాబాద్