వార్షిక నివేదిక: రీల్‌ఫుట్ పద్ధతి డక్ కాల్స్ తయారీ

సభ్యులందరికీ నమస్కారం.

అమెరికాలోని మెంఫిస్ పరిసరాల్లో స్థిరపడి, కర్రపని మీద మక్కువతో కలుసుకుంటున్న తెలుగువారి మన సంఘం, ఈ ఏడాది దాదాపు మొత్తం సమయాన్ని బాతుల వేటలో, వాటి కూతను అనుకరించి దగ్గరికి రప్పించేందుకు ఊదే డక్ కాల్స్ తయారీకే కేటాయించింది. 1811-12 భూకంపాల వల్ల వాయవ్య టెన్నెసీలో ఏర్పడిన రీల్‌ఫుట్ సరస్సు పేరుతోనే, విక్టర్ గ్లోడో వంటి తొలితరం పనివాళ్లు తీర్చిదిద్దిన ఈ పద్ధతిని పిలుస్తారు.

చూడటానికి ఇది గుప్పిట్లో ఇమిడే కర్ర గొట్టం, దానికొక బిరడా, అంతే. కూత పుట్టేది బిరడాలో చిన్న కర్రచీలతో బిగించిన లోహపు రేకు నుంచి. అర్కన్సాస్ పద్ధతిలో రేకు కింది పలక వంపుగా ఉంటుంది. రీల్‌ఫుట్‌లో పలక చదును, వంపు రేకుది. తొలి తరగతుల్లో ఈ సంగతిని పక్కనపెట్టి గొట్టాల నునుపు మీదే శ్రద్ధ పెట్టించడం కార్యవర్గం పొరపాటేనని ఒప్పుకోవాలి. మెరిసే గొట్టాలు తయారయ్యాయి గాని, ఊదితే తిరునాళ్ల బూరల్లా కీచుమన్నాయి.

తరువాత స్థానిక పనివాడొకరు వచ్చి, కళ్లు మూసుకుని ఒక్కో గొట్టాన్నీ ఊది, రేకు తీసి కొసన రెండుసార్లు ఆకురాయి ఆడించి, బొటనవేలితో వంపు సరిచేసి, మళ్లీ ఊది చూపించారు. నాలుగో ప్రయత్నానికి ఆడబాతు బొంగురు గొంతు పలికింది. అప్పటి నుంచి తరగతులన్నీ రేకు చుట్టూనే నడిచాయి.

ఏటికొప్పాక నుంచి వచ్చిన మన సభ్యుడొకరు, అక్కడ అంకుడు కర్ర బొమ్మలకు పట్టించినట్టే, లేత్ మీద తిరుగుతున్న గొట్టానికి లక్క అద్ది చూశారు. రంగు చక్కగా పట్టింది. లోపలి భాగానికి మాత్రం తగలనివ్వలేదు.

వేట చేయనివాళ్లకు ఇదెందుకని కొందరు అడిగారు. వేటకు వెళ్లడం, మానడం సభ్యుల ఇష్టం. అయితే 1935లో ఇక్కడ బతికున్న బాతులను ఎరగా కట్టడాన్ని నిషేధించాక నోటితో ఊదే గొట్టాల అవసరం మరింత పెరిగింది. మరుసటి ఏడే అర్కన్సాస్‌లోని స్టట్‌గార్ట్‌లో కూతల పోటీలు మొదలయ్యాయి. రికార్డు చేసిన కూతలతో బాతులను వేటాడటాన్ని కూడా చట్టం ఒప్పుకోదు కాబట్టి, ఈ పనితనానికి నేటికీ గిరాకీ ఉంది.

పచ్చి వాల్‌నట్ చెక్కను తొందరపడి కోయడంతో కొన్ని గొట్టాలు ఆరేటప్పుడు పగిలిపోయాయి. ఇకపై ప్రతి ముక్క మీదా కోసిన తేదీ రాసి ఉంటుంది. అది చూడకుండా ఎవరూ లేత్‌కు ఎక్కించవద్దని మనవి.

ఇట్లు,
కార్యదర్శి