ఉల్లి రైతులకు: ఆదివారం ఉదయం 7 గంటలకు తప్పక రండి

అందరికీ నమస్కారం అండీ. మన కొండపి వైపు ఉల్లి మళ్లలో మొదలుకుళ్లు కనిపిస్తోంది. ఆకు కొస నుంచి పసుపెక్కి ఎండుతుంది. పట్టి లాగితే మొక్క ఇట్టే ఊడొస్తుంది, వేర్లు కుళ్లి గడ్డ అడుగున తెల్లటి బూజు ఉంటుంది.

ఆదివారం రైతు సేవా కేంద్రం దగ్గర కలుద్దాం. తెగులు సోకిన మొక్కను వేర్లతో, గుప్పెడు మట్టితో సహా కవర్లో కట్టి తెండి. ఫొటో చాలదు.

ఈలోపు మడిలో నీళ్లు నిలవనీయొద్దు. పీకిన మొక్కలు గట్టున పారేయకుండా కాల్చేయండి. ఈ తెగులు తెచ్చే శిలీంధ్రం (బూజు) మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది, పారే నీళ్లతో పక్క చేలోకీ పోతుంది. అందుకే ఇంతగా చెప్తున్నా. పార, కొడవలి కడిగాకే పక్క మడిలో దిగండి.

ట్రైకోడెర్మా (తెగులు బూజును అణిచే మేలు శిలీంధ్రం) వేసినవాళ్లు వెంటనే శిలీంధ్రనాశిని పోయొద్దు, రెండూ పడవు.

వచ్చేవాళ్లు శనివారం సాయంత్రంలోగా ఇక్కడే పేరు పెట్టండి.