ఆ ఇల్లాలి చేతికి తెలుగులో రాసిన కాగితం ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్ ఎముకలకు పాకిన మగవాళ్ల వైద్యంలో ఎక్కువ భాగం ఇప్పుడు ఇంట్లోనే జరుగుతోంది. చేసేది భార్య. ఏ మాత్ర పరగడుపున వేయాలి, ఏది అన్నం తిన్నాక, ఇంజెక్షన్ మళ్లీ ఏ రోజు, ఏ నొప్పికి తెల్లారేదాకా ఆగొచ్చు, ఏ నొప్పికి అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయాలి, అన్నీ ఆమే కనిపెట్టుకోవాలి. ఆమె చేతికి ఇచ్చేది మాత్రం ఇంగ్లీషు డిశ్చార్జి సమ్మరీ, డాక్టరు గీసిన మందుల చీటీ. ఉదయగిరి, వరికుంటపాడు, వింజమూరు వైపు ఇలాంటి రోగుల ఇళ్లకు వెళ్లి చూసే నర్సులం, ఫార్మసిస్టులం ఈ ఉత్తరం రాస్తున్నాం. ఈ వైద్యం మొదలుపెట్టే ప్రతి ఆసుపత్రీ తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసి ఆమెకు ఇవ్వాలి. దాని నకలు ఊళ్లోని విలేజ్ హెల్త్ క్లినిక్‌కు పంపాలి. మేం అడిగేది ఇదే.

ఇది మన ప్రాంతంలో మరీ అవసరం. ఎందుకంటే ఇక్కడ నడుము నొప్పి అనగానే అందరి నోటా వచ్చే మాట ‘ఫ్లోరిన్ నీళ్లు’. ఆ మాట ఉత్తదేమీ కాదు. నీళ్లలో ఫ్లోరిన్ ఎక్కువై ఎముకలను పట్టే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో తొలిసారి 1937లో గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్లలోనే. కానీ అరవై దాటిన మనిషికి ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నులోకి దిగినా మొదట కనపడేది ఆ నడుము నొప్పే. ఎక్స్‌రే తీస్తే ఫ్లోరోసిస్ ఎముకా తెల్లగానే ఉంటుంది, ఈ క్యాన్సర్ పట్టిన ఎముకా తెల్లగానే ఉంటుంది. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ రెండింటిలోనూ పెరుగుతుంది. తేడా బయటపెట్టడానికి మొదట చేయాల్సింది పీఎస్ఏ (ప్రోస్టేట్ నుంచి వచ్చే ప్రోటీన్‌ను కొలిచే) రక్త పరీక్ష. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లందరికీ ఆ పరీక్ష చేయమని మేం అనడం లేదు. రాత్రిపూట పడుకున్నా తగ్గని నడుము నొప్పి, మూత్రం సన్నగా రావడం, పదే పదే లేవడం, బరువు తగ్గడం, వీటిలో ఏ రెండు కలిసినా ఫ్లోరిన్ మీదికి నెట్టేయకుండా పీఎస్ఏ రాయమంటున్నాం. ఈలోగా ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు పొడిపించుకుంటూ పోతే కిడ్నీలు దెబ్బతింటాయి. నడుము తొక్కించుకోవడం, గట్టిగా మర్దనా చేయించుకోవడం ఇంకా ప్రమాదం. క్యాన్సర్ పట్టిన ఎముక చూడటానికి గట్టిగా ఉన్నా లోపల పెళుసు, విరిగిపోతుంది.

ఇక ఆ కాగితంలో ఏముండాలి?

మొదట ఇంజెక్షన్. ఈ జబ్బు మగ హార్మోను మీద బతుకుతుంది కాబట్టి దాన్ని ఆపడమే వైద్యానికి పునాది. ల్యూప్రొలైడ్, గోసెరెలిన్ లాంటివి 28 రోజులకోసారి వేస్తారు, మోతాదు పెద్దదైతే మూడు నెలలకోసారి. ‘నెలకోసారి’ అని నోటితో చెప్పడం వల్లే తప్పు జరుగుతోంది. 28 రోజుల లెక్కన ఏడాదికి వచ్చేవి 13 ఇంజెక్షన్లు, 12 కాదు. సంక్రాంతి అయ్యాక వెళ్దాం, కోతలయ్యాక చూద్దాం అని జరుపుకుంటూ పోతే హార్మోను మళ్లీ తలెత్తే అవకాశం ఉంది. రాబోయే 13 తేదీలు వారంతో సహా రాసి ఇస్తే క్యాలెండర్‌లో సున్నా చుట్టి పెట్టుకుంటారు. మొదటి ఇంజెక్షన్ తర్వాత ఒకటి రెండు వారాలు హార్మోను తగ్గకపోగా పెరుగుతుంది. అప్పుడు నొప్పులు ఎక్కువవుతాయి, మూత్రం బిగుసుకోవచ్చు. అది జరగకుండా బైకాలుటమైడ్ 50 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి ముందు నుంచే మొదలుపెట్టి కొన్ని వారాలు ఇస్తారు. ఆ మాత్ర ఎందుకో చెప్పరు కాబట్టి ‘ఇంజెక్షన్ వేశారుగా, ఇంకా ఇదెందుకు’ అని మానేస్తున్నారు.

ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. ఎముకలు నొప్పులు పెట్టే మనిషిని ఆ ఒక్క సూది కోసం బస్సులో కుదిపి తీసుకెళ్లి, సాయంత్రానికి మళ్లీ కుదిపి తెస్తున్నారు. పెద్దాసుపత్రి చీటీ రాసిస్తే ఈ సూది సామాజిక ఆరోగ్య కేంద్రం, అంటే సీహెచ్‌సీలో శిక్షణ ఉన్న నర్సు వేయగలదు. మందు పెట్టెను ఫ్రిజ్‌లో ఉంచాలా, బయటే ఉంచాలా అన్నది మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. పెట్టె మీద చూసి అది కూడా కాగితంలో రాయాలి.

ఇంజెక్షన్లకు బదులు వృషణాలు తీసే చిన్న ఆపరేషన్ ఉంది. ఒక్కసారితో అయిపోతుంది, హార్మోనును అంతే బాగా తగ్గిస్తుంది. దూరం, ఖర్చు భరించలేని ఇంటికి అదే మేలు కావచ్చు. ఆ మాట ఎత్తడానికి మొహమాటపడి ఇంజెక్షన్లు రాసేసి పంపితే, నాలుగు నెలలకే ఆపేసేవాళ్లు ఉన్నారు. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి రెండు దారులూ చెప్పి, నిర్ణయం వాళ్లకు వదలాలి.

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఒంట్లో మగ హార్మోను తయారుకాకుండా ఆపే అబిరాటెరోన్ మాత్ర దగ్గర. మామూలు మోతాదు 1000 మిల్లీగ్రాములు, అంటే 250 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగూ ఒకేసారి, పరగడుపున. తిన్న రెండు గంటలకు గానీ వేయకూడదు, వేసుకున్నాక గంటదాకా తినకూడదు. తెల్లవారుజామున ఐదింటికి నీళ్లతో వేసి, ఆరు దాటాక ఇడ్లీ పెడితే సరిపోతుంది. కాఫీ కూడా ఆరు తర్వాతే. దీంతోపాటు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 5 మిల్లీగ్రాముల మాత్రను తిన్నాకే వేయాలి. ఇళ్లలో మేం చూసేది సరిగ్గా దీనికి తలకిందులు: చిన్న మాత్ర కదా అని ప్రెడ్నిసొలోన్ పొద్దున్నే కాఫీతో, పెద్ద మాత్రలు ‘వేడి చేస్తాయి’ అని దోసెలు తిన్నాక. నూనె ఎక్కువ ఉన్న తిండితో కలిస్తే అబిరాటెరోన్ రక్తంలోకి పది రెట్ల దాకా ఎక్కువ వెళ్తుంది. రెండింటినీ ఒకే స్టీలు డబ్బాలో పోయడం మానిపించి, అబిరాటెరోన్ డబ్బా మీద సూర్యుడి బొమ్మ, ప్రెడ్నిసొలోన్ డబ్బా మీద కంచం బొమ్మ అంటిస్తే చదువు రానామెకు కూడా పొరపాటు రాదు. కొందరు డాక్టర్లు ఖర్చు తగ్గించడానికి 250 ఒక్కటే టిఫిన్‌తో ఇస్తున్నారు. అది ఆ డాక్టరు లెక్క చూసి రాసేది. పక్కింటాయనకు అలా రాశారని మనం మార్చుకోకూడదు. ఒకే మాత్రకు రెండిళ్లలో రెండు పద్ధతులు ఉన్నప్పుడు కాగితం లేకపోతే ఎలా? 

ఈ మాత్ర వల్ల బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది, కాళ్లు వాస్తాయి, లివర్ మీద ప్రభావం ఉంటుంది. మొదటి మూడు నెలలు రెండు వారాలకోసారి లివర్ పరీక్ష కావాలి. బీపీ వారానికోసారి ఊళ్లోని క్లినిక్‌లోనే ఏఎన్ఎం చూడొచ్చు. ప్రెడ్నిసొలోన్ ఒక్కసారిగా ఆపకూడదు. ఇంకొక్క మాట. కానుపుకు పుట్టింటికొచ్చిన కూతురు నాన్నకు మాత్రలు తీసి ఇవ్వడం మామూలే. గర్భంతో ఉన్నవాళ్లు అబిరాటెరోన్‌ను ఒట్టి చేత్తో ముట్టకూడదు, గ్లవుజు వేసుకోవాలి.

ఎముకలకు ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ సెలైన్‌కు ముందే పుచ్చు పళ్లు ఉంటే పీకించుకోవాలి. మొదలయ్యాక పన్ను పీకితే దవడ ఎముక మానకుండా పుండు పడొచ్చు. డోసిటాక్సెల్ కీమో తీసుకుంటుంటే జ్వరం 100.4 డిగ్రీలు దాటగానే పారాసిటమాల్ వేసి కూర్చోకుండా ఆసుపత్రికి బయల్దేరాలి. ఇంట్లో థర్మామీటర్ తప్పనిసరి.

కాగితంలో ఎర్ర సిరాతో రాయాల్సింది వెన్నుపాము సంగతి. కొత్తగా వచ్చిన లేదా ఒక్కసారిగా పెరిగిన వెన్నునొప్పి, కాళ్లు పట్టు తప్పడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, నడుము కింద తిమ్మిరి, మూత్రం, దొడ్డి అదుపు తప్పడం కనిపిస్తే వెన్నుపాము మీద ఒత్తిడి పడుతోందని అనుమానించాలి. గంటలు లెక్క. డెక్సామెథసోన్ ఇచ్చి, ఎంఆర్ఐ తీసి, కరెంటు (రేడియేషన్) పెట్టడమో ఆపరేషనో ఒక రోజులోపు మొదలుకావాలి. నడక పూర్తిగా పోయాక వెళ్తే తిరిగి రావడం కష్టం. ‘ఇది పాత ఫ్లోరిన్ నొప్పే’ అని రెండు రోజులు చూడటం వల్ల మంచం పట్టినవాళ్లున్నారు. బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు. వెల్లకిలా పడుకోబెట్టి, వెన్ను మెలితిరగకుండా నలుగురు పట్టి 108 ఎక్కించాలి. ఆసుపత్రిలో ఆమె చెప్పాల్సిన మొదటి మాట: ‘ప్రోస్టేట్ క్యాన్సర్ ఉంది, కాళ్లు పడిపోతున్నాయి.’

నొప్పికి మార్ఫిన్ మాత్రలు మన దగ్గర దొరకకపోవడం అన్యాయం. 1985 నాటి మత్తుమందుల చట్టాన్ని 2014లో సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులు వీటిని ఉంచుకోవడానికి దారి సులువు చేశారు. నొప్పికి డాక్టరు చెప్పినట్టు వాడితే మత్తుకు బానిస అవుతారన్న భయం అక్కర్లేదు. మలబద్ధకం మాత్రం ఖాయం, అందుకే విరేచన మాత్ర మొదటి రోజు నుంచే కలిపి రాయాలి. ఒకటే చోట ఎముక నొప్పి ఉంటే ఒక్కరోజు పెట్టే కరెంటుతో కూడా చాలామందికి తగ్గుతుంది.

చివరగా ఎవరూ చెప్పని సంగతి. హార్మోను తగ్గితే మనిషికి ఒళ్లంతా ఆవిర్లు వస్తాయి, రాత్రి చెమటలు పడతాయి, కండ తగ్గుతుంది, చిన్న మాటకు కోపమో ఏడుపో వస్తుంది, భార్య మీద కోరిక పోతుంది. ఇది మందు చేసే పని అని ఆమెకు ముందే చెప్పకపోతే తన మీద అయిష్టమనుకుంటుంది. ఆయన సిగ్గుతో నోరు మెదపడు. రెండు వాక్యాల్లో నర్సమ్మ చెప్పగలిగిన దానికి ఇద్దరూ నెలల తరబడి మాటల్లేకుండా ఉంటున్నారు.

జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారులను, ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులను మేం కోరేది: ఈ కాగితం నమూనా ఒకటి తయారు చేయండి, 28 రోజుల ఇంజెక్షన్‌ను ఉదయగిరి లాంటి చోట్ల సీహెచ్‌సీలోనే వేయించండి, జిల్లా కేంద్రంలోని ఆసుపత్రిలో మార్ఫిన్ ఎప్పుడూ ఉండేలా చూడండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వస్తుంది, ఏది చేతి నుంచి పెట్టుకోవాలన్నది ఆసుపత్రిలోని ఆ పథకం ఉద్యోగి ఆ కాగితం వెనకవైపే రాసి సంతకం చేయాలి. నమూనా రాయడానికి, తప్పులు దిద్దడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఇళ్లకు వెళ్లి క్యాన్సర్ రోగులను చూసే కొందరు నర్సులు, ఫార్మసిస్టులు
ఉదయగిరి, నెల్లూరు జిల్లా