పొగమంచు కోడ్‌కు మీ సొంత అర్థాలు

సంపాదకుల వారికి,

పోయిన వారం భువనేశ్వర్‌లో పొగమంచుతో విమానాలు ఆలస్యమైన వార్త పక్కన ‘వాతావరణ నివేదిక’ అని బాక్సు కట్టారు కదా. వీఈబీఎస్ (భువనేశ్వర్ విమానాశ్రయం కోడ్), 0230జెడ్, 00000కేటీ, 0300, ఎఫ్‌జీ... ఇదంతా ఉన్నదున్నట్టు అచ్చేసి ఊరుకున్నా పోయేది. కింద మీరు రాసిన అర్థాలు చదివాకే ఒళ్ళు మండింది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను, తగ్గలేదు.

0230జెడ్ అంటే తెల్లవారుజామున రెండున్నర కాదండీ. మెటార్‌లో, అంటే విమానాశ్రయ వాతావరణ నివేదికలో, టైము యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, ఐదున్నర గంటలు కలిపితే మన టైము, అంటే ఉదయం 8. రెండున్నరకి పట్టిన మంచు తెల్లారేసరికి పోయే ఉంటుందిలే అనుకోరూ చదివినవాళ్ళు? 0300 మూడు కిలోమీటర్లూ కాదు, 300 మీటర్లు. అసలు కనుచూపు వెయ్యి మీటర్లకు తగ్గితేనే ఎఫ్‌జీ, అంటే పొగమంచు అని వేస్తారు, అంతకన్నా పలచగా ఉంటే బీఆర్, అంటే పలచటి మంచు. ఇక 00000కేటీకి ‘గాలి వివరాలు అందలేదు’ అట! అందాయి మహాశయా, గాలి లేదనే ఆ వివరం. గాలి కదలకపోబట్టే మంచు అక్కడ తిష్ఠ వేసింది. ముఖ్యమైన ముక్కనే కొట్టిపారేశారు.

మా బరంపురం వాళ్ళు హైదరాబాద్ ఫ్లైట్ కోసం చీకటితో లేచి భువనేశ్వర్‌కు సుమారు 170 కిలోమీటర్లు పోవాలి. తీరా పోతే కౌంటర్లో ‘వెదర్ సార్’ అని ఒక్క మాట, ఎంతసేపంటే బోర్డు చూడమంటారు, బోర్డు మీద ‘డిలేడ్’. అరగంటకోసారి మెటార్, రాబోయే గంటల అంచనాతో టాఫ్ వస్తూనే ఉంటాయి. అది చూసి ‘పదింటి దాకా మంచు విడవదు, వెళ్ళి టిఫిన్ చేసి రండి’ అని చెప్పడానికి నోరు రాదు. అధికారులు చెప్పరు, చెప్పాల్సిన పేపరు తప్పు చెబుతుంది.

విమానం ఎక్కేవాళ్ళ గోల మనకెందుకు అంటారేమో. 2013లో ఫైలిన్ తుఫాను తీరం దాటింది మా గోపాల్‌పూర్ దగ్గరే. తుఫాను బులెటిన్లలోనూ ఈ కేటీయే, అంటే నాట్స్. 100 నాట్స్ అంటే గంటకు 185 కిలోమీటర్లు. దాన్ని మీరు వంద కిలోమీటర్లని రాస్తే రేకుల ఇళ్ళవాళ్ళు ఇంట్లోనే పడుకుంటారు.

తెలియకపోతే వాతావరణ కేంద్రానికి ఒక్క ఫోన్ కొడితే సరిపోయేది. డెస్కులో ఆ అలవాటే పోయినట్టుంది. సరిహద్దు జిల్లాల పేజీని చదివేది ఎవరులే అనుకుంటున్నారో ఏమో. సవరణ మాత్రం వెయ్యండి, సంతాప ప్రకటనల కింద ఇరికించకుండా.

— ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా