వార్షిక నివేదిక: ఒక స్లిప్పర్ ఆర్కిడ్‌తో గడిచిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో నాలుగు పనులు ఒప్పుకున్నాం. మూడింటి సంగతి ముందు చెప్పేస్తాను. నెలవారీ సమావేశాలు రెండు తప్ప అన్నీ జరిగాయి. లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకెళ్లినవాళ్లు ఇంకా తీసుకెళ్తూనే ఉన్నారు, తిరిగి తేవడం లేదు. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా జతచేశారు. ఇక నాలుగోది, 'పాడైన మొక్కల పునరుద్ధరణ' అని ఘనంగా పేరు పెట్టుకున్న పని, మన ఏడాదంతా మింగేసింది. అందులోనూ ముఖ్యంగా ఒకే ఒక్క మొక్క. అందుకే ఈ నివేదికలో సింహభాగం దానికే పోయింది.

ఇల్లు మారుతున్న మన పాత సభ్యురాలు ఒకరు "బతికితే మీది, పోతే మాత్రం నాకు చెప్పకండి" అని ఆ కుండీ మన చేతిలో పెట్టి వెళ్లారు. అది పాఫియోపెడిలం, స్లిప్పర్ ఆర్కిడ్‌లలో ఒక ప్రజాతి. లేబుల్ వెలిసిపోయి 'ఇన్‌సిగ్నె' అన్న జాతిపేరు ముక్క ఒక్కటే మిగిలింది. మచ్చల్లేని పచ్చటి ఆకులు, వాటి మొదట్లో ఊదారంగు చుక్కలు చూస్తే నిజమేననిపిస్తుంది. అసలు జాతో, దాని సంకరమో పువ్వు విచ్చుకుంటే గానీ తేలదు. ఆవిడ ఏళ్ల తరబడి కుండీ మార్చలేదు, నీళ్లు మాత్రం ఏనాడూ మరవలేదు. పట్టించుకోని మొక్క అనగానే మనకు ఎండిపోయిన మొక్కే గుర్తొస్తుంది. ఇది ఎండలేదు. తడిలోనే ఉండి ఉండి వేళ్లు పోగొట్టుకుంది.

విప్పిన రోజు పదిమందిమి చుట్టూ చేరాం. కాస్త కదిపితే పాలపన్ను ఊడినట్టు మొక్క మొత్తం చేతిలోకి వచ్చేసింది. కుండీలోంచి నిలవనీటి కంపు. ఒకప్పటి బెరడు ముక్కలు వేళ్లతో నలిపితే మెత్తటి ముద్దయ్యాయి. బెరడు కుళ్లే కొద్దీ ముక్కల మధ్య ఖాళీలు మూసుకుపోతాయి, పోసిన నీళ్లు అక్కడే నిలుస్తాయి, వేరుకు గాలి అందదు. పైన ఆకులు వాడిపోతాయి. వాడాయి కదా అని మనం ఇంకో చెంబెడు నీళ్లు పోస్తాం. ఈ మొక్కకు అన్నేళ్లుగా జరిగింది అదే.

ఇక్కడే మొదటి తప్పు జరిగింది. కత్తెర నా చేతిలోనే ఉంది కాబట్టి నేనే ఒప్పుకోవాలి. ఫలనాప్సిస్ అనే మరో రకం ఆర్కిడ్‌కు అలవాటుపడిన కళ్లు నావి. దాని వేరు ఎండితే వెండిరంగు, తడిస్తే ఆకుపచ్చ. గోధుమరంగుకు తిరిగిందంటే పోయినట్టే. ఆ లెక్కనే ఇక్కడా గోధుమరంగు వేళ్లను చకచకా కత్తిరించుకుంటూ పోయాను. మూడోది కోశాక పక్కనున్న సభ్యురాలు నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. కోసిన ముక్క లోపల తెల్లగా, గట్టిగా ఉంది. స్లిప్పర్ ఆర్కిడ్ వేరు బతికున్నా గోధుమరంగే, ఒంటినిండా సన్నటి నూగు. రంగు చూసి లాభం లేదు, నొక్కి చూడాలి. గట్టిగా తగిలితే బతికినట్టు. పైపొర కుబుసంలా జారిపోయి లోపల దారం మిగిలితే చచ్చినట్టు. అలా పరీక్షించాక మిగిలినవి నాలుగే వేళ్లు, ఒక్కోటి చూపుడువేలంత. ఆకులున్న పిలకలు రెండు.

కాట్లియా, డెండ్రోబియం లాంటి ఆర్కిడ్‌లకైతే ఇన్ని వేళ్లు పోయినా ఇంత కంగారు పడక్కర్లేదు. వాటికి ఉబ్బిన కాడల్లో నీళ్లు దాచుకునే ఏర్పాటుంది. స్లిప్పర్‌కు అలాంటి దుంపకాడలు లేవు. ఉన్నది ఆకులూ వేళ్లే. వేరు పోతే నిలవ ఖాళీ అయినట్టే.

ఆ సాయంత్రం కార్యవర్గంలో పెద్ద చర్చే నడిచింది. శిలీంద్రనాశిని వేద్దామని ఒకరు, వేళ్లు పుట్టించే హార్మోన్ అని ఇంకొకరు, బలానికి ఎరువు అని మరొకరు. చివరికి ఏదీ వెయ్యకూడదని తీర్మానించాం. తాగే నోరే లేనిదానికి ఎరువు పోస్తే ఆ ఉప్పు ఉన్న నాలుగు వేళ్లనూ కాల్చేస్తుంది. ఏడాది మొత్తంలో మేం తీసుకున్న మంచి నిర్ణయం ఇదేనని నా అభిప్రాయం.

సన్న బెరడు ముక్కలు, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్ల రాయి), కొద్దిగా బొగ్గు కలిపి కొత్త మిశ్రమం చేశాం. కుండీ మాత్రం గ్లాసంత. అంత ఆకులకు ఇంత కుండీయా అని చాలామంది నవ్వారు. కుండీ కొలత వేళ్లను బట్టే గానీ ఆకులను బట్టి కాదు. పెద్ద కుండీలో వేళ్లు చేరని మిశ్రమం తడి ఆరక మళ్లీ కుళ్లు మొదలెడుతుంది. పిలకల మొదలు మిశ్రమంలోకి ఒక సెంటీమీటరు దిగేలా పెట్టాం. ఇది ముఖ్యం. కొత్త వేళ్లు ఆ మొదలు నుంచే దిగుతాయి, అది గాల్లో వేలాడుతుంటే తేమ తగలక మొలకలోనే ఆగిపోతాయి. ఊగకుండా ఒక పుల్లకు కట్టాం. తర్వాత కుండీని పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో దించి, అడుగున పిండిన స్ఫాగ్నం నాచు పరిచి, మూతి వదులుగా కట్టాం. లోపలి తేమ వల్ల ఆకుల్లోంచి నీరు పోవడం తగ్గుతుంది. ఎండ తగలని, వెలుతురు మాత్రం బాగా ఉన్న కిటికీ దగ్గర పెట్టాం. సంచి మీద నేరుగా ఎండ పడితే లోపల మొక్క ఉడికిపోతుంది.

రెండు నెలలు ఏ మార్పూ లేదు. రోజూ తెరిచి చూడొద్దని బోర్డు రాసిపెట్టినా చూసేవాళ్లు చూశారు.

మూడో నెలలో రెండో దెబ్బ. ఒకరు ప్రేమ కొద్దీ సాయంత్రం పూట పైనుంచి స్ప్రే కొట్టారు. నీళ్లు మొవ్వులో నిలిచి రాత్రంతా అలాగే ఉండిపోయాయి. నాలుగు రోజులకు మధ్య ఆకు మొదట్లో నీరు చిమ్మినట్టు గోధుమరంగు మచ్చ, దగ్గరికెళ్తే కంపు, పట్టుకుంటే ఆకు చేతికే వచ్చింది. మొవ్వుకుళ్లు. పూర్వం ఎర్వీనియా అని పిలిచి ఇప్పుడు పెక్టోబాక్టీరియం అంటున్న బ్యాక్టీరియా లక్షణాలే ఇవన్నీ. బ్లేడును మంటలో కాల్చి, మంచి భాగం కనిపించేదాకా కోసి, గాయం మీద దాల్చినచెక్క పొడి అద్దాం. ఆ పొడి వేళ్ల మీద పడకూడదు, వాటిని ఎండబెట్టేస్తుంది. సంచి తీసేసి కొన్నాళ్లు గాలి ఆడేచోట ఉంచాం. రెండు పిలకల్లో ఒకటి పోయింది. స్ప్రే కొట్టింది ఎవరో అందరికీ తెలుసు. ఆయనే ఆ తర్వాత అందరికంటే జాగ్రత్తగా చూసుకున్నారు కాబట్టి ఇక ఆ ప్రస్తావన వద్దు.

ఐదో నెల చివర్లో ఒక రాత్రి గ్రూపులో ఫోటో వచ్చింది. కింద రెండే మాటలు: "కదల్లేదు. గట్టిగా ఉంది." పుల్ల కట్టు వదులు చేసి మెల్లగా కదిపితే మొక్క ఊగలేదట. మర్నాడు మిశ్రమం పైపైన తప్పిస్తే గోరుకొనంత లేతరంగు మొన కనిపించింది, కొత్త వేరు. దాని పక్కనే ఆకుల మడతలోంచి తొంగిచూస్తున్న పిలక. ఆ రోజు సమావేశం ఎజెండా మొత్తం పక్కనపడింది.

అప్పుడు మొదలుపెట్టాం ఎరువు, డబ్బా మీద రాసినదాంట్లో నాలుగో వంతు. మధ్యమధ్యలో ఉత్త నీళ్లు ధారగా పోసి పేరుకున్న ఉప్పు కడిగేస్తున్నాం. పట్టి ఉంచిన వాననీళ్లే వాడుతున్నాం. ఆకు కొనలు నల్లబడడం దాంతో ఆగింది.

ఒక్క మొక్కకు ఇంత టెన్షన్ ఎందుకని ఇద్దరు సభ్యులు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. మార్కెట్లో కనిపించే ఫలనాప్సిస్‌ను కణజాల వర్ధనంతో వేలల్లో నకళ్లు తీస్తారు. పెరిగిన పాఫియోపెడిలాలను అలా మొవ్వు నుంచి లెక్కకు మిక్కిలిగా తీయడం ఇంకా కుదరలేదు. విత్తనం నుంచి పెంచితే పువ్వుకు చాలా ఏళ్లు పడుతుంది, ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒక ఫలానా మొక్కే కావాలంటే పిలకలు విడదీసుకోవడమే దారి. అడవి నుంచి తెచ్చుకోవడమా? 1990 నుంచి ఈ ప్రజాతి మొత్తం సైటీస్ (ప్రమాదంలో ఉన్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, అంతర్జాతీయంగా అడవి మొక్కల వ్యాపారం నిషిద్ధం. ఆ నిషేధం అవసరం ఎందుకొచ్చిందో పశ్చిమ కనుమల దక్షిణపు కొసన అగస్త్య కొండల్లో పెరిగే డ్రూరీ అనే పాఫియోపెడిలం జాతిని చూస్తే తెలుస్తుంది. సేకర్తలు పెరికి పెరికి దాన్ని అంతరించిపోయే అంచుకు తెచ్చారు. ఖాసీ కొండల ఇన్‌సిగ్నె మాత్రం పంతొమ్మిదో శతాబ్దం నుంచీ తోటల్లో పిలకల మీద పిలకలుగా చేతులు మారుతూ వస్తోంది. మన కుండీలోది ఆ గొలుసులో ఒక కొస కావచ్చు.

మిగతా మొక్కల సంగతి క్లుప్తంగా. ఇంకో ఏడు కుండీలు వచ్చాయి, నాలుగు పోయాయి. వాటిలో రెండు వచ్చేసరికే అయిపోయాయి. బెలాటులం అనే పాఫియోపెడిలం ఒకటి మాత్రం మన చేతుల్లోనే పోయింది. సున్నపురాయి కొండల మీద పెరిగే జాతి అది, నీళ్లు ఇంగిపోయి త్వరగా ఆరే చోటు కావాలి. ఇన్‌సిగ్నెకు పనికొచ్చిందని దాన్నీ సంచిలో కట్టాం, మూడు వారాల్లో కుళ్లింది. దానికి పూర్తిగా వ్యతిరేకం ఫ్రాగ్మిపీడియం. దక్షిణ అమెరికా వాగుల ఒడ్డున పెరిగే ఈ చుట్టం కాళ్లు తడిసుంటేనే సుఖంగా ఉంటుంది. ఎండి ముడుచుకుపోయి వచ్చినదాన్ని నీళ్లున్న సాసర్లో నిలబెడితే వారాల్లోనే తేరుకుంది. మిగిలిన రెంటికీ ఆకు మొదళ్లలో పిండినల్లి. దూదిపుల్లతో ఆల్కహాల్ అద్దుతూ పోరాడుతున్నాం, ఇంకా పూర్తిగా పోలేదు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ఒకే కార్యక్రమం ప్రతిపాదిస్తోంది, ఉమ్మడి కుండీ మార్పిడి రోజు. స్లిప్పర్‌కు ఏడాదికో రెండేళ్లకో మిశ్రమం మార్చి తీరాలి. ఇంట్లో ఒంటరిగా అయితే అందరం వాయిదా వేస్తాం. మొక్కకో బ్లేడు తెచ్చుకోండి. ఒకే బ్లేడు తిప్పితే వైరస్ కూడా దాంతోపాటే తిరుగుతుంది. లేబుల్ పెన్సిల్‌తో రాయండి, ఇంకు వెలిసిపోతుంది.

ఇన్‌సిగ్నె ప్రస్తుత పరిస్థితి: పాత పిలక ఒకటి, కొత్తది ఒకటి. కొత్తదాని మూడో ఆకు రెండు అంగుళాలుంది. మొగ్గ లేదు, ఈ ఏడాది ఆశించడం లేదు కూడా. పిలక పూర్తిగా ఎదగాలి, పైగా ఈ జాతి మొగ్గ తొడగాలంటే రాత్రులు బాగా చల్లబడాలి. పిలక కావాలని ఇప్పటికే ముగ్గురు పేర్లు రాయించుకున్నారు. ఆరు పిలకలు అయ్యేదాకా కత్తి పెట్టకూడదని, అప్పుడు కూడా మూడేసి కలిపే విడదీయాలని కార్యవర్గ నిర్ణయం. పేర్ల జాబితాలో మొదటిది మొక్క ఇచ్చిన ఆవిడది. దాన్ని రాసింది మేమే, ఆవిడకు ఇంకా తెలియదు.

— కార్యదర్శి